ఒకే టికెట్టు మీద అక్కా నేనూ

నాన్న పోయిన ఏడాదే నాకు రైల్వే ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. సిబ్బందికి మూడో వంతు ధరకే టికెట్టు ఇప్పించే పీటీఓ చీటీ మొదటిసారి చేతికి రాగానే, మొఘల్‌పురాలో ఉన్న అక్క దగ్గరికి పరుగెత్తాను.

"అక్కా, సముద్రం జూసొద్దాం పా!"

లాల్‌దర్వాజాలోని మా అద్దె ఇంట్లో, ఒకే దుప్పటి కింద పడుకుని చిన్నప్పుడు మేమిద్దరం అనుకున్న మాట అది.

మర్నాడు ఆఫీసులో సీనియర్ గుమస్తా నా ఉత్సాహం చూసి ఆపాడు.

"రైలెక్కినాక చీటీ చూపిస్తే నడవదమ్మా. ముందే కౌంటర్ల ఇచ్చి టికెట్ కొనాలె. ఇగ మీ అక్కకు పెండ్లయింది గదా, ఆమె పేరు రాసేటందుకు లేదు. భర్త పోయి నీ మీద ఆధారపడితెనే రాస్తం."

సరే, నీకు మామూలు టికెట్టే కొంటానని అక్కతో అన్నాను. ఆమె నవ్వింది.

"మీ బావను ఇడిచిపెట్టి ఎట్ల వస్తనే? దుకాణం బంద్ జేసినప్పుడు అందరం పోదాం."

బావది ఇత్తడి సామాన్ల దుకాణం. పండగలకు గిరాకీ, పెళ్లిళ్లకు గిరాకీ. ఏటా అమ్మా నేనూ తిరుపతి వెళ్లొచ్చేవాళ్లం. నది వచ్చినా, పొలాలు వచ్చినా, కిటికీ పక్కన అక్క ఉంటే ఏమనేదోనని అనుకునేదాన్ని.

నిరుడు బావ గుండెపోటుతో పోయాడు. పిల్లలు లేరు. అక్క మా ఇంటికి వచ్చేసింది. ఆఫీసులో కాగితాలిచ్చి, నా మీద ఆధారపడినవాళ్లలో ఆమె పేరు చేర్పించాను. ఇప్పుడు పీటీఓ ఫోన్లోకే వస్తుంది. విశాఖపట్నానికి టికెట్టు తీశాను. మోకాళ్ల నొప్పులని అమ్మ రానంది. ఒకే టికెట్టు మీద మా ఇద్దరి పేర్లు. ఎన్నేళ్లు కోరుకున్నానో! తీరా వచ్చాక అక్కకు చూపించడానికి మనసొప్పలేదు.

ఆమే నా ఫోన్ అందుకుంది.

"నా పేరు రాసిన్రా?"

"రాసిన్రు."

"గిట్ల రాయొద్దుండె చెల్లె."

"పోనీ, క్యాన్సిల్ చేద్దామా?" అన్నాను.

"వద్దు, పోదాం. మీ బావకు గూడ మస్తు ఉండె, ఒక్కసారన్న జూడాలని."

పొద్దున్నే దిగి నేరుగా ఒడ్డుకు వెళ్లాం. అక్క కుచ్చిళ్లు పట్టుకుని చాలాసేపు పొడి ఇసుకలోనే నిలబడింది. నేను పిలవలేదు. కాసేపటికి తనే నా మోచెయ్యి పట్టుకుని నీళ్లలోకి నడిచింది. అల మోకాళ్ల దాకా తడిపేసరికి చిన్నగా కేక పెట్టింది. పెళ్లికి ముందు అక్క గొంతు అలాగే ఉండేది. మళ్లీ వినాలని చెవులు రిక్కించి నిలబడ్డాను.

"ఇంక జర్రంత లోపలికి పోదామా?" అంది అక్క.