అటక మీది బంతి

మొన్న చేపల మార్కెట్లో పండుగప్పకి పొలుసు తీస్తూ తీస్తూ, చేపలావిడ కత్తిపీట మీంచి తలెత్తి నన్నో ప్రశ్న అడిగింది. “అమ్మగారూ, తవరు స్టేడియమోళ్ళ తాలూకానా, పొలాలోళ్ళ తాలూకానా?” ఓటు ఎవరికి వేశావని అడిగితే మా యానాంలో నవ్వి ఊరుకోవచ్చు గానీ, రెండేళ్ళుగా ఈ ప్రశ్నకి మాత్రం జవాబు చెప్పి తీరాలి. జవాబుని బట్టి తూకం మారుతుందేమోనన్న అనుమానం కూడా కలిగింది నాకు. “తలకాయ కూడా వెయ్యమ్మా” అని మాట మార్చాను. ఆవిడ వేసింది. ఇంటికొచ్చి పులుసు పొయ్యి మీద పెట్టాక, ఇంతకీ నేనెవరి తాలూకా అన్న ఆలోచన పట్టుకుంది.

మా ఆయన ఫుట్‌బాల్ మనిషి. ఆడటం రాదు. గట్టు మీద గొడుగు వేసుకుని కూర్చుని, ఆడేవాళ్ళకి ఎలా ఆడాలో చెప్పడం మాత్రం బ్రహ్మాండంగా వచ్చు. ఫ్రెంచివాళ్ళు వెళ్ళిపోతూ మా ఊళ్ళో మరిచిపోయిన సామానులో ఈ పిచ్చి ఒకటని ఆయనే అనేవారు. చుట్టుపక్కల ఊళ్ళన్నీ క్రికెట్ బ్యాట్లు పట్టుకు తిరుగుతున్నా, ప్రపంచ కప్పు వచ్చిందంటే మా ఊళ్ళో సగం మంది ఫ్రాన్సువాళ్ళయిపోతారు. మిగతా సగం మంది ఆ నెల్లాళ్ళూ వాళ్ళతో మాట్లాడరు. ఇంత పిచ్చి ఉన్నా ఆడుకోవడానికి చోటు ఉండేది కాదు. ఊళ్ళో ఉన్న మైదానం క్రికెట్టుకీ, సభలకీ, ఎగ్జిబిషన్లకీ సరిపోయేది. అందుకని ప్రతి వేసవీ, పక్కనే అడవిపొలం అనే పల్లెలో ఉన్న మా అన్నయ్య చేనే వీళ్ళ మైదానం. దాళ్వా, అంటే రెండో పంట, కోతలయ్యాక కాలవకి మళ్ళీ నీళ్ళు వదిలేదాకా ఆ చేను ఖాళీగా ఉంటుంది. మధ్యలో గట్లు లేని పెద్ద నేల చెక్క. అటు రెండు, ఇటు రెండు సరుగుడు కర్రలు పాతితే ఆట మొదలు. మా అన్నయ్యకి ఆ ఆట ఒక్క ముక్క అర్థం కాదు. అయినా రోజూ సాయంత్రం వచ్చి మా ఆయన పక్కన కూర్చునేవాడు. “ఓడిపోతన్నోళ్ళు ఎవరండీ బావగారూ?” అని అడిగి తెలుసుకుని, వాళ్ళ తరఫున అరిచేవాడు.

నీళ్ళు వచ్చే ముందు ఆఖరి ఆట అయ్యాక, బంతిని అందరూ కలిసి అన్నయ్య ఇంటికి తీసుకెళ్ళి అప్పగించేవారు. అది అటకెక్కేది. మళ్ళీ దాళ్వా కోత అవగానే వెళ్ళి దింపించుకునేవారు. ఇదెవరు మొదలుపెట్టారో తెలియదు గానీ, ఎందుకో మాత్రం మా ఆయన ఏటా అన్నయ్యకి చెప్పేవారు. “బంతి మీ ఇంట్లో ఉన్నంతకాలం, వచ్చే ఏడు మమ్మల్ని రావద్దనడానికి మీకు నోరు రాదండీ.” అన్నయ్య నవ్వేవాడు. మా వదిన అందరికీ మజ్జిగ ఇచ్చేది. ఆ మజ్జిగలో అల్లం ఎక్కువ, ఉప్పు తక్కువ. ఇన్నేళ్ళలో ఒక్కళ్ళూ ఆ మాట ఆవిడతో అనలేదు.

అలా ఒక ఏడు బంతిని అటకెక్కించి వచ్చారు మా ఆయన. ఆ వర్షాకాలంలోనే పోయారు. ఆసుపత్రికి వెళ్ళే ఆటోలో కూడా బాగానే మాట్లాడారు. ఆ తర్వాత చాలాకాలం నాకు ఏడుపు రాలేదు, ఆకలి వేయలేదు, కోపం రాలేదు. ఎవరేమన్నా “అలాగే” అనేదాన్ని. మందుల షాపతను వేరే కంపెనీ మాత్రలిస్తానంటే అలాగే అన్నాను. పక్కింటావిడ మా పెరటి కరివేపాకు చెట్టు కొట్టేయమంటే అలాగే అని కొట్టించేశాను. వంటలో కరివేపాకు లేదన్న సంగతి కూడా కొన్నాళ్ళ దాకా నా మనసుకి ఎక్కలేదు.

ఆ చలికాలంలో స్టేడియం మాట పుట్టింది. అడవిపొలంలో కొన్ని చేలు కలిపి, ఎత్తు చేసి, గ్యాలరీలతో ఫుట్‌బాల్ స్టేడియం కడతారట. అందులో అన్నయ్య చేను కూడా ఉంది. దాళ్వా కోతలయ్యేసరికి అన్నయ్యా, చుట్టుపక్కల రైతులూ, పచ్చటి పొలం మీద ప్రేమున్న ఇద్దరు ముగ్గురు రిటైరైన మేష్టార్లూ కాలవ గట్టున షామియానా వేసుకుని కూర్చున్నారు. తిండిగింజలు పోతాయన్నారు. గోదారి పొంగినప్పుడు నీళ్ళు నిలిచేది ఆ చేలల్లోనే, వాటిని ఎత్తు చేస్తే ఆ నీళ్ళు ఇళ్ళల్లోకి వస్తాయన్నారు. అన్నయ్య నన్ను కూడా వచ్చి కూర్చోమన్నాడు. అలాగే అని వెళ్ళి కూర్చున్నాను. మర్నాడు ఫుట్‌బాల్ వాళ్ళు తమ మీటింగుకి రమ్మన్నారు. అలాగే అని అక్కడికీ వెళ్ళాను. రెండు చోట్లా టీ ఇచ్చారు.

ఆ మీటింగు ఫరంపేటలో, మా ఆయన స్నేహితుడి ఫోటో స్టూడియోలో జరిగింది. ఫోటోల కోసం కట్టిన జలపాతం తెర ముందు అందరూ కుర్చీలు వేసుకుని కూర్చుని, పొలాలవాళ్ళకి ఏం జవాబు చెప్పాలా అని ఆలోచించారు. ఎంతకాలం అరువు చేలో ఆడతామని ఒకరు, వాళ్ళకి వాళ్ళ గట్టు దాటి ఏమీ కనపడదని మరొకరు అన్నారు. అదివరకు రోజూ పొద్దున్నే పువ్వుల బొమ్మలూ దేవుళ్ళ బొమ్మలూ పెట్టుకునే వాళ్ళ వాట్సాప్ గ్రూపులో అప్పటికే మా అన్నయ్యని అభివృద్ధి నిరోధకుడని రాశారు. మా అన్నయ్య అంత పెద్ద మాట కావడం నాకదే మొదటిసారి. చివరికి స్టూడియో ఆయన లేచాడు. “కోతలైపోనాయి గదా. ఎళ్ళి బంతి తెచ్చేసుకుందాం. ఇహ ఆళ్ళ చేలో కాలెట్టం. అదే మన సమాధానం” అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. స్టేడియం వస్తే ఒక గ్యాలరీకి మా ఆయన పేరు పెట్టిస్తామని కూడా అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, “వదినగారూ, తవరు కూడా రావాలండి. తవరుంటే గొడవవ్వదు” అన్నాడు. నేను అలాగే అన్నాను.

నాలుగు ఆటోల్లో వెళ్ళాం. దారి పొడుగునా స్టూడియో ఆయన చెప్పబోయే మాటలు లోపల్లోపల వల్లించుకుంటూనే ఉన్నాడు. అన్నయ్య ఏదో అంటాడనీ, మాటా మాటా పెరుగుతుందనీ లెక్క వేసుకుని, ఫోన్లో వీడియో తీయడానికి ఒకతన్ని ముందు ఆటోలో కూర్చోబెట్టారు కూడా. మమ్మల్ని చూడగానే అన్నయ్య అరుగు దిగి ఎదురొచ్చాడు. ముఖం నిండా నవ్వు. “రండి, రండి. కోతై వారం దాటిపోయింది, ఇంకా రాలేదేటా అనుకుంటన్నాను” అంటూనే లోపలికెళ్ళి బంతి దింపుకొచ్చాడు. దుమ్ము తుడిచి ఉంది. గాలి కూడా కొట్టించి ఉంచాడు. “ఈ ఏడు కోత మిషను పెట్టలేదండి. మిషనెడితే మోళ్ళు ఎత్తుగా ఉండిపోతాయి, కుర్రాళ్ళ కాళ్ళు కోసుకుపోతన్నాయని బావగారు గోలెట్టేవోరు గదా. మనుషుల్నెట్టి కొడవళ్ళతో కిందకంటా కోయించేను. చూద్దురుగాని పదండి, నున్నగా ఉంది చేను.”

ఎవరూ కదల్లేదు. వీడియో తీసే అతను ఫోను కిందికి దించేశాడు. రోజూ షామియానాలో కూర్చుని స్టేడియం వద్దంటున్న మనిషి, ఆటకి మాత్రం తన చేను సిద్ధం చేసి పెట్టుకున్నాడు. అన్నయ్యకి ఆ రెండూ వేరు వేరు సంగతులు. మా వాళ్ళకి అప్పటికి రెండూ ఒకటైపోయాయి. స్టూడియో ఆయన వల్లించుకున్నదంతా మింగేసి, తల వంచుకునే, “ఆడ్డానికి కాదండి. బంతి అట్టుకుపోదామని వచ్చేం. ఈ ఏణ్ణించి ఇక్కడ ఆడమండి” అన్నాడు.

“మరెక్కడాడతారు?”

“స్టేడియంలోనండి.”

“అదింకా కట్టలేదు గదా బాబూ.”

“కట్టేకే ఆడతామండి.”

అన్నయ్య బంతి వైపు చూసి, తర్వాత నా వైపు చూశాడు. “నువ్వూ ఈళ్ళతోనే వచ్చేవా అమ్మా?” అన్నాడు. “ఆ” అన్నాను. అన్నయ్య బంతిని తీసుకొచ్చి స్టూడియో ఆయనకివ్వకుండా నా చేతుల్లో పెట్టాడు. దాన్ని అటకెక్కించడానికి ఆఖరిసారి ఇచ్చింది మా ఆయన. ఏడుపొస్తుందేమోనని చూసుకున్నాను, రాలేదు. బంతి గట్టిగా ఉంది, అంతే. మా వదిన మజ్జిగ తెచ్చింది. తాగి వచ్చేశాం.

స్టేడియం ఇప్పటికీ రాలేదు. కడతామనీ అనరు, మానేశామనీ అనరు. చేలో పాతిన సర్వే రాళ్ళ చుట్టూ అన్నయ్య దున్నుకుంటున్నాడు. షామియానా తీసేశారు. ఫుట్‌బాల్ వాళ్ళలో కొందరు టీవీలో ఆట చూసి తృప్తి పడుతున్నారు, కొందరు క్రికెట్‌లో చేరిపోయారు. అన్నయ్య నాతో మాట్లాడతాడు. పండగలకి పిలుస్తాడు. ఆ బంతి సంగతి మాత్రం నేను ఎత్తను, తనూ ఎత్తడు.

బంతి తెచ్చేసుకున్న ఆ వేసవి చివర్లో ఒక సాయంత్రం నేను అడవిపొలం వెళితే, అన్నయ్య చేను దగ్గరున్నాడని వదిన చెప్పింది. కోత అయినప్పటి నుంచీ రోజూ ఆ వేళకి వెళ్ళి గట్టు మీద కూర్చుంటున్నాడట. వెళ్ళి పక్కన కూర్చున్నాను. చేను అన్నయ్య చెప్పినట్టే నున్నగా ఉంది. పొద్దు వాలి ఎండ చల్లబడిన వేళ, ఆటకి సరిగ్గా సరిపోయే వేళ. “నిజంగానే రారంటావా?” అన్నాడు. “రారు” అన్నాను. “అయితే కాలవకి నీళ్ళొదిలేసరికి నారు పోసేస్తాను” అన్నాడు. పూర్తిగా చీకటి పడేదాకా ఇద్దరం అలాగే కూర్చున్నాం. కాలం గడిచిపోయింది అంటారు గానీ, ఆ వేసవి సాయంత్రాలు గడవడమంటూ ఏమీ లేదు. ఎవరూ వాడుకోకుండా వచ్చినవి వచ్చినట్టే వెళ్ళిపోయాయి.