మౌలాలి దిగుడులో పడిపోయిన సూది

మా ప్రకాశరావు బాబాయి కారు అమ్మేస్తున్నారని ఫోనులో విన్నాక ఇంట్లో కాలు నిలవలేదు. ఆ రాత్రే గుంటూరులో సికింద్రాబాదు రైలెక్కాను. అది మామూలు కారయితే ఒక నిట్టూర్పు విడిచి ఊరుకునేదాన్ని. ఎప్పుడో దేశం వదిలి వెళ్తున్న ఒక విదేశీ ఇంజనీరు దగ్గర బాబాయి కొన్న జపాను బండి అది. దాని ఇంజనులో పిస్టన్లు ఉండవు. పొట్లకాయ గింజ ఆకారంలో ఉన్న గదిలో మూడు మూలల ఇనుప బిళ్ల గిరగిరా తిరుగుతుంటుంది, అంతే. పైకీ కిందకీ కొట్టుకునేది ఏదీ లేదు కాబట్టి ఆ ఇంజను నడుస్తోందో ఆగిందో లోపల కూర్చున్నవాళ్లకి ఒక్కోసారి తెలియదు. పాత బండ్లంటే పడిచచ్చే నాకు డ్రైవింగు నేర్పింది కూడా ఆ కారే. ఈ టపా నాలాంటి పిచ్చి ఉండి, పాత బండి వేడెక్కుతోందని దిగులు పడుతున్నవాళ్ల కోసం.

బంద్ ఏదీ లేని రోజు చూసుకుని బయల్దేరండి, ఈమధ్య అది ముఖ్యం. తెల్లవారి స్టేషన్లో దిగాక చిలకలగూడకి నడిచే వెళ్లొచ్చు. సామాను ఉంటే ఆటోవాళ్లు ముప్ఫై అడుగుతారు, ఇరవైకి వస్తారు. నేను వెళ్లేసరికి బాబాయి వరండాలో కారుకి ఎదురుగా కుర్చీ వేసుకుని, చల్లారిపోయిన కాఫీ పట్టుకుని కూర్చున్నారు. పిన్ని ఇంట్లోంచే, "వచ్చావా రూతూ? మీ బాబాయిని కాస్త లేపు. అది చావింటి కుర్చీలా ఉంది" అంది.

సంగతేమిటంటే, మూడు నెలలుగా కారు అడుగున సైలెన్సర్ గొట్టం విపరీతంగా కాగుతోంది. పిన్ని కూర్చునే ఎడమవైపు సీటు దగ్గర, నడుమ ఎత్తుగా ఉండే చోట, కార్పెట్ నల్లబడింది. పోయిన శనివారం పిన్ని కుడికాలి చెప్పు అడుగు మెత్తబడి అక్కడే అంటుకుపోయింది. ఆవిడ మిగిలిన చెప్పుతో ఇంట్లోకి నడిచొచ్చి, ఇక ఈ కారు ఎక్కను అనేసింది. పిన్ని బొల్లారం బళ్లో పాఠాలు చెప్పినన్నాళ్లూ సాయంత్రం పూట బాబాయి ఆ కారులోనే వెళ్లి తీసుకొచ్చేవారు. రిటైరయ్యాక శనివారాలు మౌలాలి రైల్వే కాలనీ చర్చిలో పాటల ప్రాక్టీసుకి ఇద్దరూ కలిసి వెళ్తారు. ఆ ఎడమ సీటు ఖాళీగా ఉంటే కారు ఉండి ఏం లాభమని బాబాయి అనుకున్నారు. బొల్లారం నుంచి ఒకాయన సాయంత్రం ఐదింటికి వచ్చి కారు చూసుకుని తీసుకెళ్తానన్నాడు. అంటే మాకు ఉన్నది ఆ ఒక్క పగలు.

"ఎక్కడైనా చూపించారా బాబాయ్?" అని అడిగాను.

"ముగ్గురికి చూపించానమ్మా. బానెట్ ఎత్తుతారు, ఇదేం ఇంజను సార్ అంటారు, మూసేస్తారు" అన్నారు.

మౌలాలిలో మహబూబ్ అనే మెకానిక్ ఉన్నాడనీ, ఈ రకం ఇంజను విప్పి బిగించాడనీ పాత బండ్ల స్నేహితులు చెప్పగా విన్నాను. ఫోను చేస్తే, "తీస్కరండ్రి, నా తాన తక్లీఫ్ దొరక్కుండ వాపస్ పోయిన బండి లేదు" అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది. వినయం ఎక్కువైన మెకానిక్కులంటే నాకు భయం.

పిన్నిని ఒప్పించడానికే అరగంట పట్టింది. ఎప్పుడూ వేడి తగిలేది ఆవిడ కాలికే కాబట్టి ఆవిడ లేకుండా పరీక్ష సాగదని చెప్పాను. నేను నడిపితేనే ఎక్కుతానంది. అలా నేను స్టీరింగు ముందు, పిన్ని నా ఎడమ పక్కన కింద తడి గోనెసంచి పరుచుకుని, వెనక బొమ్మల సీటులాంటి సీటులో మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని బాబాయి. మెట్టుగూడ, లాలాగూడ మీదుగా మౌలాలికి రద్దీ లేకపోతే అరగంట దారి. మధ్యలో ఒక్కసారి యాక్సిలరేటరు గట్టిగా తొక్కి చూశాను. ఆ ఇంజను ఎంత తిప్పినా కసురుకోదు, ఇంకా అడుగు అన్నట్టు సన్నగా పాడుతుంది. మూడు నెలలుగా జబ్బు పడ్డ బండి అంటే నమ్మబుద్ధి కాలేదు. పిన్ని రెండు నిమిషాలకోసారి కాలు దించి తడుముకుంది. మౌలాలి చేరేదాకా వేడి తగల్లేదు. "నువ్వంటే దానికి భయం" అంది నాతో.

మహబూబ్ షెడ్డు మౌలాలి గుట్టకి కొంచెం ఇవతల ఉంది. ఆయనకి అరవై దాటి ఉంటాయి, ఇస్త్రీ చొక్కా వేసుకుని పని చేస్తాడు, మరక పడదు. బానెట్ ఎత్తి, "సికింద్రాబాద్‌ల గీ ఇంజన్ పేగులు చూసినోణ్ని నేనొక్కణ్నే" అని ముందే చెప్పి మొదలుపెట్టాడు. ఆయన పని చూడటానికే ఇంకోసారి వెళ్లొచ్చు. ప్లగ్గులు నాలుగూ విప్పి పేపరు మీద ఏది ఎక్కడిదో తెలిసేలా పరిచాడు. ఒకదానికి నిప్పురవ్వ సరిగా రాకపోతే పెట్రోలు ఇంజనులో మండకుండా సైలెన్సర్లోకి పోయి అక్కడ మండుతుందని, గొట్టం కాగడానికి మామూలుగా కారణం అదేనని చెప్పాడు. నాలుగూ ఒకే గోధుమరంగులో ఉన్నాయి. టైమింగ్ లైటు పెట్టి చూశాడు, సరిగా ఉంది. సైలెన్సర్‌కి గాలి కొట్టే చిన్న పంపు గొట్టం ఊడదీసి చూశాడు, అదీ సరిగానే ఉంది. ఒక్కొక్కటీ చూసినప్పుడు మిగతా ఏదీ ముట్టుకోలేదు. రెండు పనులు ఒకేసారి చేస్తే ఏది పట్టుబడిందో తెలియదట. మధ్యమధ్య స్టీలు గ్లాసులో వేళ్లు ముంచి గొట్టం మీద నీళ్లు చిలకరించి చెవి పెట్టేవాడు. నీళ్లు మెల్లగా ఆవిరయ్యాయి తప్ప చుయ్యిమనలేదు. గంటసేపు ఇంజను ఆపకుండా ఉంచినా అంతే.

అడుగున ఒక లోపం మాత్రం దొరికింది. గొట్టానికీ కారు నేలకీ మధ్య అడ్డుగా ఉండే రేకు తుప్పుపట్టి ఎప్పుడో రాలిపోయింది. కొత్త రేకు కోసి బిగించాడు. "గిది వేడిని ఆపుతది. మరి వేడి ఎందుకొస్తుందో గది చెప్పదు కదా" అన్నాడు. ఆయన ముఖం మొదటిసారి చిన్నబోయింది.

మధ్యాహ్నం అక్కడే తిన్నాం. పిన్ని క్యారియర్లో తెచ్చిన వంకాయ కూర, మహబూబ్ ఇంటి నుంచి వచ్చిన ఖుబూలీ, అంటే శనగపప్పు వేసి వండిన అన్నం. వంకాయ కూర రెండోసారి వడ్డించుకుంటూ మహబూబ్, "అమ్మా, జెర యాది చేసుకోండ్రి. పొద్దున కాలు కాలలేదు. కాలిన రోజు ఏం ఫరక్ ఉండె?" అని పిన్నిని అడిగాడు.

పిన్ని చెయ్యి ఆపి ఆలోచించింది. "పొద్దున అమ్మాయి నడిపింది. కాలినప్పుడల్లా ఈయన నడిపారు. ప్రాక్టీసు అయి ఇంటికి వెళ్లేటప్పుడే కాలేది. ఈ గుట్ట దిగుడు దాటాకే" అంది.

మహబూబ్ లేచి చెయ్యి కడుక్కున్నాడు. "చలో సార్, గిప్పుడు మీరు నడపండ్రి. నేను మీ పక్కన కూసుంట."

పిన్ని షెడ్డులోనే ఉంటానంది. ఈసారి వెనక మోకాళ్లు ముడుచుకునే వంతు నాది. బాబాయి గుట్ట వైపు ఎక్కించి, మలుపు తిప్పి దిగుడు పట్టారు. చక్కగా నడుపుతారు, గేరు మారిన సంగతే తెలియదు. సగం దిగాక నా ఎదురుగా మీటర్లలో ఒక సూది మెల్లగా పడి సున్నా మీద వాలింది. ఇంజను ఎంత వేగంగా తిరుగుతోందో చూపించే సూది అది. చప్పుడులో మాత్రం పెద్ద తేడా లేదు, బండి అదే ఊపులో దిగుతోంది. దిగుడు చివర బాబాయి కుడిచెయ్యి కదిలింది. వెనక ఢబ్ మని చిన్న పేలుడు, సూది మళ్లీ లేచింది.

"పాత బండి కదా, అప్పుడప్పుడు అలా దగ్గుతుంది" అన్నారు బాబాయి.

మహబూబ్ కారు పక్కకి ఆపించి, కిందకి వంగి సీసాలో నీళ్లు చిలకరించాడు. ఈసారి పోపు వేసినట్టు చుయ్యిమంది. లేచి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"సార్, దిగుడుల కీ ఎందుకు బంద్ చేసిన్రు?"

బాబాయి నా వైపు చూడలేదు. "పెట్రోలు మిగులుతుందని" అన్నారు.

"మరి న్యూట్రల్ ఎందుకు ఎయ్యలే?"

"గేరులోనే ఉంచితే కీ తిప్పగానే ఇంజను అందుకుంటుంది కదా. సెల్ఫ్ కొట్టక్కర్లేదు. బ్యాటరీ కూడా మిగులుతుంది."

మా కోస్తావాళ్ల పొదుపు అది. ఒక పొదుపు చేసి ఊరుకోం, దాని మీద ఇంకో పొదుపు కడతాం. మా నాన్న కూడా తన పాత కారుని ప్రతి వంతెన మీదా ఇలాగే దించేవాడు.

మహబూబ్ నవ్వలేదు, డాక్టరులా చెప్పాడు. "బండి గేరుల ఉంటే ఇంజన్ తిరుగుతనే ఉంటది, పెట్రోల్ గుంజుతనే ఉంటది. నిప్పురవ్వ మీరు బంద్ చేసిన్రు. గా పెట్రోలంత కాలకుండ పోయి సైలెన్సర్ డబ్బల కూసుంటది. మీరు మల్ల కీ తిప్పంగనే గాడనే అంటుకుంటది. గొట్టం కాలకుండ ఏమైతది? మీరు మిగిలిచ్చిన పెట్రోలే అమ్మ కాలు కాల్చింది."

"ఎప్పటి నుంచి ఇలా చేస్తున్నారు బాబాయ్?" అన్నాను.

"మూడు నెలలయిందమ్మా. రేటు పెరిగినప్పుడు మీ పిన్ని అంది, ఈ కారు మనకంటే ఎక్కువ తాగుతోందని. అమ్మేద్దామా అని కూడా అంది. తాగడం కాస్త తగ్గిస్తే ఆ మాట మళ్లీ అనదనుకున్నాను."

నాకు నవ్వూ, ఏడుపూ రెండూ వచ్చాయి. కారు పోకూడదని ఆయన చేసిన పనే కారుని అమ్మకం దాకా తెచ్చింది. ఆ ఇంజనుని చూస్తే మాత్రం గౌరవం పెరిగింది. మూడు నెలలు ప్రతి శనివారం పెట్రోలు మింగించి నిప్పంటించినా అది పాడవలేదు, ఒక్కసారి దగ్గి మళ్లీ పాడుకుంటూ వెళ్లింది.

షెడ్డుకి వచ్చాక పిన్ని అడిగితే మహబూబ్, "బండిల ఏం లేదమ్మా. మిగిలింది సార్ చెప్తరు" అని మొహం కడుక్కోవడానికి వెళ్లిపోయాడు. బాబాయి నిలబడే అంతా చెప్పారు, ఏదీ దాచలేదు.

"ఏదో మాటవరసకి అన్నానండీ. దానికి ఇంత చేస్తారా? నాతో ఒక్క మాట అనొచ్చుగా" అంది పిన్ని.

"అంటే అమ్మేద్దామంటావని" అన్నారు బాబాయి.

రేకుకీ పనికీ కలిపి మహబూబ్ నాలుగు వందలు తీసుకున్నాడు. తిరుగు ప్రయాణంలో నడిపింది బాబాయే. పిన్ని గోనెసంచి తీసి నా ఒళ్లో పడేసింది, చెప్పులు విప్పి అవి కూడా వెనక నాకే ఇచ్చింది. ఉత్త కాళ్లు రెండూ ఆ నల్లబడ్డ కార్పెట్ మీద ఆనించి కూర్చుంది. బాబాయి దిగుడంతా కీ ముట్టుకోకుండా దించారు. లాలాగూడ దాటాక "ఎలా ఉంది?" అని అడిగారు. "గోరువెచ్చగా" అంది పిన్ని. కాళ్లు తియ్యలేదు.

మెట్టుగూడ దగ్గర పెట్రోలు బంకు కనిపించగానే బండి లోపలికి తిప్పమంది. బంకు అతను కిటికీ దగ్గరికొచ్చి ఎంత పొయ్యమంటారని అడిగితే, బాబాయి నోరు తెరిచేలోపే పిన్ని, "నిండా పొయ్యి బాబూ" అంది.

బాబాయి గడియారం చూసుకున్నారు. "కరుణా, ఐదింటికి ఆయన వస్తాడు. ఏం చెబుదాం?"

"అంత దూరం నుంచి వస్తున్నాడు, టీ ఇచ్చి పంపుదాం" అంది.

ఆ రాత్రి రైల్లో పడుకుని ఆలోచిస్తే, బండి గురించి ఇన్నాళ్లూ నేను నేర్చుకున్నదంతా బానెట్ కిందే వెతికినట్టు అనిపించింది. పాత బండిలో సగం యంత్రం ఉంటే సగం దాన్ని నడిపే మనిషి ఉంటాడు. ఆ మనిషి అలవాట్లు, భయాలు, పైకి చెప్పుకోలేని ఇష్టాలు అన్నీ తిరిగి తిరిగి ఆ గొట్టంలోకే చేరతాయి. మహబూబ్ గొప్పతనం ఆ రెండో సగాన్ని కూడా విప్పి చూడటం. ఇద్దరు మొండివాళ్లని పక్కపక్కన కూర్చోబెట్టుకుని ఇన్నేళ్లు మోసిన ఆ కారు మీద కూడా నాకు ప్రేమ ఎక్కువైంది.

మీ బండి సైలెన్సర్ కాగుతోందంటే ఒక్కటి చెయ్యండి. దేన్నీ విప్పకముందు ఒకరోజు వేరేవాళ్ల చేత నడిపించి, మరోరోజు రోజూ నడిపేవాళ్ల పక్కన కూర్చుని ఎత్తు ఎక్కేటప్పుడూ, దిగేటప్పుడూ మీటరు సూది చూడండి. మా పిన్ని ఇప్పుడు అదే చేస్తోందట. మౌలాలి దిగుడు రాగానే "సూది ఉందా?" అంటుందట. బాబాయి "ఉంది" అంటారట. అప్పుడు చెప్పులు విప్పుకుంటుందట.