ఒట్టి గిన్నె ఇవ్వని లక్ష్మీకాంతం గారు

లక్ష్మీకాంతం గారి చేతికి వచ్చిన గిన్నె ఖాళీగా వెనక్కి వెళ్ళదు. ఇది ఆవిడ నియమమో, వ్రతమో, జబ్బో నాకు ఇప్పటికీ తెలియదు. గిన్నె అంటే గిన్నె ఒక్కటే కాదు. డబ్బా, సీసా, బకెట్టు, బుట్ట, ఏదైనా సరే, కాస్త గుంటగా ఉండి అందులో ఏమైనా పట్టేట్టుంటే చాలు. ఇది మన ఇళ్ళల్లో అందరికీ ఉన్న అలవాటే కదా అంటారు మీరు. నిజమే. పక్కింటివాళ్ళు కూర పంపిన గిన్నెలో గుప్పెడు పంచదారైనా వేసి ఇస్తాం. కానీ మనం పక్కింటి దగ్గర ఆగుతాం. ఆవిడ ఆగరు.

ఆవిడది తెనాలి. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్ఫై రెండేళ్ళు పనిచేసి రిటైరయ్యారు. ఏటా ఏప్రిల్‌లో కూతురు స్రవంతి దగ్గరికి వచ్చి, అక్టోబర్‌లో వెళ్ళిపోతారు. స్రవంతి వాళ్ళూ మేమూ పక్కపక్క ఇళ్ళలో ఉంటాం, డబ్లిన్‌లో. ఐర్లండ్ డబ్లిన్ కాదు, కాలిఫోర్నియాలోది, శాన్ రామన్‌కి ఇవతల. స్రవంతి వాళ్ళాయన ఉద్యోగరీత్యా సగం నెల విమానాల్లోనే ఉంటాడు కాబట్టి శనివారాలు ఆవిడకి డ్రైవర్ని నేనే.

మొదటిసారి ఆవిడ వచ్చినప్పుడు మా ఆవిడ రాధారాణి పులిహోర ఒక డబ్బాలో పంపింది. డబ్బా గోంగూర పచ్చడితో తిరిగొచ్చింది. మర్యాద కాబట్టి మేం ద్రాక్షపళ్ళు వేసి పంపాం. చేగోడీలతో వచ్చింది. మేం కేకు పంపితే కొబ్బరి లౌజు వచ్చింది. అలా ఆ డబ్బా ఆగస్టుదాకా రెండిళ్ళ మధ్య తిరుగుతూనే ఉంది. చివరికి రాధారాణి చేతులెత్తేసింది.

"డబ్బా పోయిందని చెప్దామా?"

"చెప్తే కొత్త డబ్బా నింపి పంపిస్తది," అన్నాను.

అదే జరిగింది.

కుళాయి బాగుచేయడానికి వచ్చిన ప్లంబర్ తన బకెట్టు మర్చిపోయి వెళ్తే, మర్నాడు దాన్నిండా జంతికలు పోసి ఇచ్చారు. అతను ఆ తర్వాతి వారం ఎవరూ పిలవకుండానే కుళాయి ఎలా ఉందో చూడటానికి వచ్చాడు. బకెట్టు వరండాలో మర్చిపోయి వెళ్ళాడు. ఎయిర్‌పోర్టు సెక్యూరిటీలో తన చెప్పులూ హ్యాండ్‌బ్యాగూ తీసుకున్నాక, ఖాళీ ట్రేని వెనక్కి పంపడానికి మనసొప్పక రెండు నిమ్మ బిళ్ళలు వేశారట. వెనక లైను మొత్తం పది నిమిషాలు ఆగింది. ఇక డాక్టర్ దగ్గర శాంపిల్ కోసం చిన్న ప్లాస్టిక్ డబ్బా ఇచ్చిన రోజున స్రవంతి తలుపు దాకా వెంట వెళ్ళి, "అమ్మా, ఇందులో వాళ్ళు అడిగింది మాత్రమే," అని రెండుసార్లు చెప్పి పంపించింది.

ఇలాంటి మనిషి చేతికి ఒకరోజు వెండి కప్పు వచ్చింది.

స్రవంతి కూతురు హాసిని గేలిక్ ఫుట్‌బాల్ ఆడుతుంది. ఐరిష్ వాళ్ళ ఆట. బంతిని చేత్తోనూ పట్టుకోవచ్చు, కాలితోనూ తన్నొచ్చు. ఇంగ్లిషు హెచ్ అక్షరంలా ఉండే గోలుపోస్టు పైనుంచి పంపితే ఒక పాయింటు, కింద వలలోకి కొడితే మూడు. స్కూల్లో ఎవరో స్నేహితురాలు లాక్కెళ్తే వెళ్ళిన పిల్ల, పోయినేడు పదహారేళ్ళలోపు ఆడపిల్లల టీముకి కెప్టెనై, ఫైనల్లో శాన్‌ఫ్రాన్సిస్కో టీమును ఓడించింది.

ఆట కంటే నాకు ఆ తర్వాత జరిగే తంతు నచ్చింది. కప్పు పిడులకి గెలిచిన టీము రంగుల రిబ్బన్లు కడతారు. క్లబ్బు పెద్ద మిస్టర్ డూలీ కప్పు అందిస్తే, కెప్టెన్ దాన్ని తల మీదికి ఎత్తాలి. తర్వాత ఉపన్యాసం. మొదటి రెండు వాక్యాలు ఐరిష్ భాషలో చెప్పడం ఆనవాయితీ. ఒక్క ముక్క రానివాళ్ళు కూడా బట్టీపట్టి చెప్తారు. హాసిని ఆ రెండు వాక్యాలూ వారం రోజులు అమ్మమ్మకి శ్లోకంలా అప్పజెప్పింది. అమ్మమ్మ ఉచ్చారణ దిద్దారు కూడా, ఏ అర్హతతో అని అడక్కండి. ఆ తర్వాత కోచ్ నుంచి కమలాపళ్ళు కోసిచ్చిన తల్లుల దాకా అందరికీ థాంక్స్. చివర్లో ఓడిన టీముకి గెలిచిన కెప్టెన్ మూడుసార్లు జేజేలు కొట్టించాలి. ఓడినవాళ్ళు అప్పటిదాకా మైదానంలోనే నిలబడి ఉండాలి, వెళ్ళిపోకూడదు.

అన్నీ అయ్యాక హాసిని కప్పు తెచ్చి అమ్మమ్మ చేతిలో పెట్టింది. లక్ష్మీకాంతం గారు లోపలికి తొంగి చూశారు. బోర్లించి చూశారు. నా వైపు తిరిగారు.

"ఒట్టిదే ఇచ్చారేంటి భానూ?"

"అది కప్పు ఆంటీ. అట్లనే ఇస్తరు."

"ఇంత గిన్నె ఇచ్చి, అడుగున నాలుగు పంచదార పలుకులైనా వెయ్యలేదా?"

"ఇది వాళ్ళ పద్ధతి."

"ఎవరి పద్ధతైతే మాత్రం," అని ఆవిడ ఇంటికొచ్చేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు.

గెలిచిన కప్పు ఏడాది పాటు టీములో ఇంటింటికీ తిరుగుతుంది. ఒకరు అందులో కార్న్‌ఫ్లేక్స్ తిన్నారు. ఒకరు నెలల పాపని కూర్చోబెట్టి ఫోటో తీశారు. కోచ్ ఇంట్లో కుక్క నీళ్ళు తాగింది. ఈ సంగతి తెలిసి, తమ వంతు రాగానే లక్ష్మీకాంతం గారు ఆ కప్పుని ఏడుసార్లు తోమారు. ఎంగిలి అంటే ఆవిడకి అంత పట్టింపు. ఎనిమిదోసారి తోముతుంటే స్రవంతి లాక్కుంది.

ఈ ఏడాది మళ్ళీ ఫైనల్. మళ్ళీ అవే రెండు టీములు. ఆ రోజు పొద్దున్నే కప్పు క్లబ్బుకి తిరిగి ఇచ్చెయ్యాలి. ఆవిడ సంగతి తెలిసినవాడిని కాబట్టి కారెక్కేముందు ఆవిడ చేతిలోని బట్టలషాపు సంచిలోకి తొంగి చూశాను. కప్పు మీది అల్యూమినియం రేకు ఎత్తితే సున్నుండలు. నెయ్యి వాసనకి నాకు డ్రైవింగ్ మీద ధ్యాస కుదరలేదు. ఆ రేకుని ఆవిడ మళ్ళీ లోపలికి నొక్కి మరీ కప్పారు.

"గెలిస్తే మళ్ళీ మన ఇంటికే వస్తయి. మంచి ప్లానే ఆంటీ."

"నువ్వు రోడ్డు చూడు నాయనా. డూలీ గారికి మాత్రం లోపల సున్నుండలున్నాయని ఇంగ్లిషులో చెప్పు. మర్చిపోవద్దు."

మర్చిపోయాను. పార్కింగ్ దొరకలేదు, ఆట మొదలైపోతోంది, సంచి డూలీ గారి చేతిలో పెట్టి పరిగెత్తాను. ఆయన కప్పు తీసి బల్ల మీద పెట్టుకున్నాడు. లోపలి వెండికీ ఆ రేకుకీ ఆయనకి తేడా తెలియలేదు.

ఆట చివరి నిమిషంలో మనవాళ్ళు ఒక్క పాయింటు వెనకబడి ఉన్నారు. ఫ్రీ కిక్ వచ్చింది. పెద్ద దూరం కూడా కాదు, హాసిని ప్రాక్టీసులో కళ్ళు మూసుకుని కొట్టేది. అది పడితే స్కోర్లు సమం. బంతి పోస్టుకి తగిలి పక్కకి పోయింది. విజిల్ ఊదేశారు.

శాన్‌ఫ్రాన్సిస్కో పిల్లలు గంతులేస్తుంటే హాసిని ఎవరి మొహమూ చూడకుండా నేరుగా పార్కింగ్‌కి నడిచి, నా కార్లో కూర్చుని తలుపు వేసేసుకుంది. స్రవంతి బతిమాలింది. కోచ్ బతిమాలింది. కప్పు ఇచ్చే వేళకి ఓడిన కెప్టెన్ మైదానంలో లేకపోతే ఆ క్లబ్బుల్లో చాలా తప్పు. ఏళ్ళ తరబడి చెప్పుకుంటారట. ఆ మాట హాసినికీ తెలుసు. తెలిసే దిగడం లేదు.

లక్ష్మీకాంతం గారు చీర కుచ్చిళ్ళు పట్టుకుని, మెల్లగా కారు దగ్గరికి వచ్చారు. వెనకే నేను.

"అమ్మమ్మా, నేను రాదు. ఆ కిక్ నేను మిస్ చేశాను. ఎవ్రీబడీ నన్నే చూస్తారు."

ఆవిడ ఓదార్చలేదు. "ఏడాదిగా ఆ కప్పు ఎవరిదే?"

"మాది."

"మన ఇంటి గిన్నె ఇంకోళ్ళింటికి వెళ్తుంటే, ఇంట్లోవాళ్ళు తలుపులేసుకుని కూర్చుంటారా? ఓడిపోయినదానిలా రావద్దులే. ఇచ్చేదానిలా రా."

హాసిని కాసేపు ముక్కు ఎగబీల్చింది. తర్వాత జెర్సీతో మొహం తుడుచుకుని దిగింది. నేను పాతికేళ్ళుగా మేనేజర్లతో మాట్లాడుతున్నాను, మనిషిని లేపి నిలబెట్టే మాట ఇంత పొదుపుగా చెప్పినవాళ్ళని చూడలేదు.

మైదానంలో మనవాళ్ళంతా వరసగా నిలబడ్డారు. ఎరుపు తెలుపు రిబ్బన్లు కట్టిన కప్పుని డూలీ గారు వేదిక మీద రెండు చేతులా ఎత్తి, శాన్‌ఫ్రాన్సిస్కో కెప్టెన్ మేవ్‌కి అందించాడు. ఎర్ర జుట్టు పిల్ల, పొడగరి. సరిగ్గా అప్పుడు నాకు గుర్తొచ్చింది.

"ఆగు! స్టాప్! సున్నుండలు!" అని అరిచాను. ఆ గోలలో ఎవరు వింటారు?

మేవ్ ఉత్సాహంగా కప్పుని తల మీదికి ఎత్తి, అందరికీ కనబడాలని ముందుకి వంచింది. రేకు ఊడింది. ఒక సున్నుండ ఆమె నుదుటి మీద పడి పిండయింది. రెండోది డూలీ గారి బట్టతల మీద పడింది. మిగతావి దబదబా భుజాల మీదా గడ్డిలోనూ పడ్డాయి. డూలీ గారు ఆకాశంలోకి చూశాడు.

అంతలో వరసలోంచి హాసిని పరిగెత్తింది. "ఇట్స్ ఫుడ్! ఇట్స్ మై గ్రాండ్‌మా! ఇట్స్ ఓకే, యూ కెన్ ఈట్ ఇట్!" అంటూ వేదిక ఎక్కి, నమ్మకం కుదరడానికి మేవ్ భుజం మీది ముక్క తీసి నోట్లో వేసుకుంది. అందరూ తననే చూస్తున్నారు. ఆ సంగతి దానికి గుర్తులేదు. పొట్ట పట్టుకుని నవ్వుతోంది. మేవ్ కూడా ఒక ముక్క నోట్లో వేసుకుని, కళ్ళు పెద్దవి చేసింది. డూలీ గారు తల మీది పిండి వేలితో తీసి రుచి చూసి, వేలు చివరిదాకా నాకాడు.

మేవ్ ఐరిష్ వాక్యాలు నోటినిండా మినప్పిండితోనే చెప్పింది. ఓడిన టీముకి జేజేలు కొట్టించినప్పుడు ఒక్కో హుర్రేకి కాస్త పిండి గాల్లోకి లేచింది. నేను సిగ్గుతో చచ్చిపోతూ లక్ష్మీకాంతం గారి పక్కకి చేరాను.

"తప్పు నాదే ఆంటీ. చెప్పడం మర్చిపోయిన. ఎన్ని చేసిన్రు?"

"పద్దెనిమిది."

"రెండు టీములు కలిపి ముప్ఫై ఆరు మంది ఉన్నరు కదా?"

"గెలిచినవాళ్ళకెందుకు? వాళ్ళకి గిన్నె వచ్చిందిగా. ఓడినవాళ్ళకి, తలా ఒకటి." వేదిక మీది ఎర్ర జుట్టు పిల్లని చూపించారు. "పోయినేడు మీరంతా మన హాసినినే చూస్తున్నారు. ఆ పిల్ల అదుగో అక్కడ నిలబడి, జేజేలు కొడుతున్నంతసేపూ కళ్ళ నీళ్ళు కారుతున్నా కదల్లేదు. దగ్గరికెళ్ళాను. చేతిలో పెడదామంటే నా దగ్గర బిళ్ళ కూడా లేదు. కప్పులో చూస్తే ఒట్టిది. నాకు మనసెంత పీకిందో తెలుసా? ఈసారి ఎవరు ఓడినా సరే, పిల్లలు ఒట్టి చేతుల్తో పోకూడదనుకున్నాను."

ఇన్నేళ్ళూ ఈవిడ గిన్నెల్ని చూస్తున్నారనుకున్నాను నేను.

కప్పులో ఇంకా తొమ్మిది మిగిలాయి. అమ్మమ్మ అన్న మాట విని హాసిని చెవిలో వేసిందేమో, మేవ్ స్వయంగా కప్పు పట్టుకుని మన పిల్లల వరస ముందుకి వచ్చింది. ఒక్కోదాన్నీ రెండు చేసి తలా సగం చొప్పున ఇస్తూ నడిచింది. చివరి సగం హాసినికి ఇచ్చింది. అప్పుడు లక్ష్మీకాంతం గారు కప్పులోకి చూసి గతుక్కుమన్నారు.

"అయ్యో, ఒట్టిదయిపోయింది! ఇట్లా పంపిస్తామా వాళ్ళని?" ఆవిడ హ్యాండ్‌బ్యాగులో వెతుకుతున్నారు. కళ్ళజోడు పెట్టె తప్ప ఏమీ లేదు.

హాసిని ఒక్క క్షణం తన చేతిలో ఉన్నదాన్ని చూసుకుంది. అప్పటికే ఒక కొరుకు కొరికేసింది. అయినా ముందుకి వచ్చి, ఆ ముక్కని వెండి కప్పు అడుగున పెట్టింది. "మేవ్, దిస్ ఈజ్ ఫ్రమ్ అస్. యూ ప్లేడ్ బెటర్."

"అది ఎంగిలిది కదమ్మా!" అని నోరు జారాను.

"నువ్వూరుకో భానూ," అన్నారు లక్ష్మీకాంతం గారు. ఏడుసార్లు కప్పు తోమిన మనిషి.

మేవ్ ఆ ముక్క తీసి అక్కడికక్కడే నోట్లో వేసుకుంది. ఇద్దరు కెప్టెన్లూ ఒకళ్ళ జుట్టులో పిండి ఇంకొకళ్ళకి అంటించుకుంటూ కావలించుకున్నారు. అందరూ చప్పట్లు కొడుతున్నారు. లక్ష్మీకాంతం గారు మాత్రం మళ్ళీ ఖాళీ అయిన కప్పునే చూసి, నా వైపు తిరిగారు.

"నీ కార్లో తినేవి ఏమున్నాయి, నాయనా?"