ఉప్పునేల మీద నిమిషానికొక హారన్

గురువారం ఉదయం ఆరున్నరకు సౌదీ తూర్పు తీరాన అల్ ఖోబర్‌లో మా అబ్బాయి ఇంటి నుంచి బయల్దేరాను. చేతిలో చిన్న పెట్టె. అందులో పాత డైరీ ఒకటి, కొత్త నోటుబుక్కు ఒకటి. విజిట్ వీసా మీద వచ్చిన డెబ్బై ఒక్క ఏళ్లవాడు ఒంటరిగా అవతలి కొసన, ఎర్రసముద్రం ఒడ్డున ఉన్న యాన్బు దాకా ఎందుకు వెళ్లాలంటే, దయ్యాల కోసం.

నా మనవరాలు సాహితి ఒక ఆట తయారు చేస్తోంది. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్లు తలా ఒక పాత్ర తీసుకుని "నేనిప్పుడు తలుపు తీస్తాను", "నేను పరిగెత్తుతాను" అని చెబుతారు. పాచికలు వేసి ఏమైందో తేలుస్తారు. భయపెట్టే చోటు నుంచి ప్రాణాలతో బయటపడితే గెలిచినట్టు. ఇక్కడి ప్రభుత్వం విదేశీయుల కుటుంబాల మీద తలకింతని నెలనెలా లెవీ వేశాక దాని క్లాసు పిల్లలు ఒక్కొక్కరే ఇండియా వెళ్లిపోతున్నారు. వేసవికి మావాళ్లూ వెళ్తారు. ఆలోపు అందరితో ఒక్కసారి ఆడాలని దాని పట్టు.

దయ్యాలు మాత్రం నా డైరీలోవి. యాన్బు ప్లాంటులో స్టోర్స్ చూసిన రోజుల్లో రంగి అనే న్యూజిలాండ్ మావోరీ టెక్నీషియన్ టీ వేళ తన కథలు చెప్పేవాడు. కొండల్లో పొగమంచు దిగితే అందులోంచి వచ్చి మనుషుల్ని తీసుకుపోయే పాలిపోయిన జనం ఉంటారట. వాళ్లకు నిప్పంటే భయం, వండిన తిండి పడదు. ఆ రోజే రాసిపెట్టాను. దాని కింద అతని మాట కూడా ఉంది: "వీళ్లు మా కొండలవాళ్లు. వేరే నేలకు తీసుకుపోవాలంటే ముందు ఆ నేలను చూసి రావాలి." సాహితి అది వినగానే, "తాతయ్యా, పొగమంచు బదులు దుమ్ము పెడతాను. చోటు నువ్వు చూసిరా. ఎన్ని అడుగులు, ఏం వినిపిస్తుంది, అన్నీ రాయి" అంది. నాకు తెలిసిన అలాంటి చోటు యాన్బు అవతలి ఉప్పునేల.

ఎనిమిదీ నలభైకి దమ్మాంలో విమానం, పన్నెండుంబావుకు జెద్దాలో బస్సు. పక్క సీటులో కర్నూలు డ్రైవరు ఒకాయన నా నోటుబుక్కులోకి తొంగిచూసి సంగతి అడిగాడు. చెప్పాను.

"దెయ్యాల కోసం ఇంత దూరం యాల పెద్దాయనా? మా స్పాన్సరు ఉండాడు సూడు, ఆయప్పని పెట్టండి ఆటలో. పిల్లోళ్లు బాగా జడుసుకుంటారు."

అయిదుకు యాన్బు చేరాను. బస్టాండు దగ్గర గది. పప్పు, రెండు రొట్టెలు తిని పడుకున్నాను.

శుక్రవారం పన్నెండున్నరకు కింద హారన్ మోగింది. రెండు పొట్టి, ఒకటి పొడుగు. గంగారాం! జగిత్యాల మనిషి, స్టోర్స్‌లో నా దగ్గర పనిచేశాడు. నేనే ఫోన్ చేసి బండి తెమ్మన్నాను. మధ్యాహ్నం భోజనానికి యార్డు చివర ఉన్నవాళ్లకూ వినపడాలని ఫోర్క్‌లిఫ్ట్ హారన్ అలా కొట్టించేవాణ్ని.

"అన్నం టైమాయె సారు!" అని పికప్‌లోంచి నవ్వాడు. ఇప్పుడు ఒక మెయింటెనెన్స్ కాంట్రాక్టరు దగ్గర ఉన్నాడు. సీటు మీద కోడికూర, అన్నం డబ్బా. దాని మూత మీద బొగ్గు ముక్క.

"బొగ్గెందుకు గంగారాం?"

"కోడికూర తీస్కపోతుంటే దయ్యాలు ఎంబడి పడ్తయ్ సారు. మా అవ్వ గిట్లనే పెడ్తుండె."

రంగి దయ్యాలు వండిన తిండిని చూస్తే పారిపోతాయని చెప్పాను.

"అయితే అవి మంచియి సారు. మనయే తిండిపోతులు."

ఉత్తరంగా యాభై కిలోమీటర్లు పోయి, రోడ్డు దిగి ఉప్పునేల మీదికి వచ్చాం. పైన తెల్లటి గట్టి పొర, అడుగున బురద. అడుగేస్తే అప్పడం విరిగినట్టు చప్పుడు. బండి నుంచి నీటి అంచు దాకా మూడువందల పన్నెండు అడుగులు లెక్కపెట్టాను. గంగారాం దిగనేలేదు. మాటిమాటికీ రోడ్డు వైపు చూస్తూ, "జెప్పన పోదాం సారు" అంటున్నాడు. 'గంగారాం దయ్యాలకు భయపడుతున్నాడు' అని రాసుకున్నాను.

రెండూ యాభైకి ఉత్తరాన ఆకాశం ఇటుక రంగుకు తిరిగింది. బండి తిప్పుతుంటే వెనక చక్రం పొర చీల్చుకుని దిగిపోయింది. అయిదు నిమిషాల్లో దుమ్ము కమ్మేసింది. బానెట్టు కూడా కనిపించడం లేదు. ఫోన్లో సిగ్నల్ లేదు.

"గాలి తగ్గాక రోడ్డు మీద పోలీసులనైనా సాయం అడుగుదాం" అన్నాను.

గంగారాం స్టీరింగ్ మీద తల ఆనించాడు. "వద్దు సారు. నా అకామా అయిపోయి ఎనిమిది నెలలాయె."

అతని కంపెనీలో సౌదీవాళ్లు చాలినంత మంది లేరని, నితాఖత్ అనే స్థానికుల కోటా నియమం కింద దాన్ని రెడ్ జాబితాలో వేశారట. అక్కడ ఎవరి అకామా, అంటే నివాస అనుమతి కార్డు, రెన్యూ కాలేదు.

"ఇంకో కంపెనీకి మారుతున్న. పదిరోజులైతే కాయితం వస్తది. ఇయ్యాల దొరికితే జైలే సారు. ఏలిముద్రలు తీస్కొని ఇంటికి తోల్తరు, మళ్ల రానియ్యరు."

"ముందే చెప్పొచ్చుగా!"

"మీరు అడుగలే సారు. మీరు పిలిస్తె రానని ఎట్లంట?"

టైర్ల గాలి, నీళ్ల సీసాలు, పెట్రోలు, అన్నీ అడిగి రాసుకున్నాను. అదొక్కటే అడగలేదు.

మూడూ ఇరవై అయిదుకు దుమ్ములో రెండు పసుపు దీపాలు కనిపించాయి. మా వైపే మెల్లగా వస్తున్నాయి. నేను నోరు తెరిచేలోపే గంగారాం తలుపు తీసుకుని పరిగెత్తాడు. రెండంగల్లో మాయమయ్యాడు.

వచ్చింది పోలీసులు కాదు. పికప్‌లో మేకల కోసం గడ్డి మోపులు వేసుకున్న ముసలి బదూ, ఎడారి తెగ మనిషి, ముఖానికి గుడ్డ చుట్టుకున్నాడు. "ఒక్కడివేనా?" అని అరబ్బీలో అడిగాడు. ఒక్కణ్నే అని అబద్ధమాడాను. ఆయన ఖాళీ డ్రైవరు సీటును చూశాడు. పొర విరిగిన అడుగుజాడల్ని చూశాడు. "అటు మెత్తనేల. మనిషి దిగిపోతాడు. హారన్ కొట్టు" అన్నాడు.

వాచీ చూసుకుంటూ నిమిషానికొకసారి కొట్టాను. తొమ్మిది నిమిషాలు. గాలి తప్ప మరేదీ లేదు. అప్పుడు తట్టింది: పోలీసులు కొట్టించినా హారన్ ఇలాగే మోగుతుంది. నేను పట్టుబడ్డానని అనుకుంటాడు గాని, రాడు. ఈసారి రెండు పొట్టి, ఒకటి పొడుగు కొట్టాను. మళ్లీ నిమిషానికి. మళ్లీ.

ఆరోసారికి దుమ్ములోంచి తెల్లటి ఆకారం వచ్చింది. తల నుంచి నడుము దాకా ఉప్పు దుమ్ము, నడుము కింద నల్ల బురద. ఒక్క క్షణం అది గంగారాం అని నాకు తోచలేదు.

"అన్నం టైమాయెనా సారు?" అంటూ చక్రం పక్కన కూలబడి ఏడ్చాడు.

గాలి తగ్గాక ముసలాయన తాడు కట్టి బండి లాగాడు. గంగారాం డబ్బా తెరిచి ముందు ఆయనకే పెట్టాడు. ముగ్గురం నిలబడి తిన్నాం. ఆయన వేళ్లు తుడుచుకుని "పెద్దరోడ్డు మీద చెక్‌పోస్టు ఉంది. నా వెనక రండి" అన్నాడు. నలభై నిమిషాలు లోపలి బాటన ఆయన బండి ఎర్రదీపాల వెనకే పోయాం. ఎక్కడికి తీసుకెళ్తున్నాడో, ఎవరికి అప్పగిస్తాడో తెలియదు. యాన్బు ప్లాంటు ట్యాంకులు కనిపించాక ఆయన చెయ్యి ఊపకుండానే పక్కకు తిరిగిపోయాడు.

దిగేటప్పుడు గంగారాం అడిగాడు: "సారు, గా బుక్కుల నా పేరున్నదా?"

ఉంది. ఫోను నంబరు, బండి నంబరు, ఉండే క్యాంపు, అకామా అయిపోయిన నెల, వరసగా.

శనివారం జెద్దా చేరి పాతబస్తీ బలద్‌లో గది తీసుకున్నాను. అక్కడి నుంచి ఫోన్ చేస్తే సాహితి మొదట అడిగింది దయ్యాల గురించే. మొదటి నియమం రాసుకోమన్నాను: బయల్దేరేముందు ప్రతి ఆటగాడూ పక్కవాణ్ని 'నీకు దేనికి భయం' అని అడగాలి. అడగకపోతే పాచిక వేయకుండానే ఓడినట్టు.

అటు వెళ్లదలచినవారికి నేను చెప్పేదీ అదే. రెండు బండ్లలో వెళ్లండి. తీసుకెళ్లేవాడి సంగతి ముందు అడగండి.

ఆదివారం ఉదయం విమానాశ్రయానికి బయల్దేరే ముందు శుక్రవారం పేజీ చించి, గది సింకులో కాల్చి, నీళ్లు వదిలాను. తనిఖీలో అధికారి నోటుబుక్కు తీసి పేజీలు తిప్పాడు. అతనికి తెలుగు రాదు, అయినా చినిగిన అంచు దగ్గర అతని వేలు ఆగింది. మూసి ఇచ్చేశాడు.

విమానం లేచాక మూడువందల పన్నెండు అడుగులు, అప్పడం చప్పుడు, హారన్ లెక్క జ్ఞాపకం మీద మళ్లీ రాశాను. పైన గంగారాం అని రాసిన పేరు, అతని ఊరు నిజమైనవి కావు. నలభై ఎనిమిదేళ్లుగా డైరీ రాస్తున్నాను. నేను చించిన పేజీ అదొక్కటే.