ఖాదరన్న అతికించిన తెల్లబండి

ఖాదరన్న పోయాడన్న కబురు నాకు మొదట చెప్పింది జాబ్రియాలో ఇంటిపని చేసే సులోచనక్క. "ఖాదరన్న ఖలాసంట నాగమ్మా" అంది ఫోనులో. ఈ అరబ్బు దేశంలో గ్యాసు అయిపోయినా ఖలాసే, వీసా అయిపోయినా ఖలాసే. మనిషికి ఆ మాట వాడగా వినడం నాకదే మొదలు. ఆ వేళకు అబూ హలీఫాలోని మా బిల్డింగు మెట్ల దగ్గర ఎవరో కటకటాలకు రంగు వేస్తున్నారు. థిన్నరు వాసన తలుపు సందులోంచి వంటింట్లోకి వస్తోంది. ఉతికిన బట్టలు వేసుకొచ్చినా ఖాదరన్న వెంట వచ్చే వాసన అదే. పొయ్యి ఆపేసి దేవుడి పటం ముందు కూర్చున్నాను. ఆయనకు ఆయన దేవుడున్నాడు, నిజమే. నాకు తెలిసిన చోటే కదా నేను అడగగలను.

ఆయనది రాయచోటి. షువైఖ్‌లో ఒక గ్యారేజీలో గుద్దుకున్న బండ్ల రేకు సరిచేసి రంగు వేసేవాడు. మా కడప వైపు వాళ్లు ఎవరు పాత బండి కొనాలన్నా ముందు ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్లేవారు. వేలి కణుపుతో తట్టుకుంటూ బండి చుట్టూ తిరిగేవాడు. పుట్టీ నింపిన చోట చప్పుడు మొద్దుగా వస్తుంది. దెబ్బ తిన్న బండినల్లా వద్దనేవాడు కాదు. దెబ్బ ఎంత, అడిగే ధర ఎంత అని తూచి, ఈ ధరకు పరవాలేదనో, ఇంకొంచెం తగ్గించమనో చెప్పేవాడు. బడి ముఖం చూడకుండా అమ్మ దగ్గర నాలుగక్షరాలు నేర్చుకున్నదాన్ని నేను. తూచి మాట్లాడటం మాత్రం ఆయన్ని చూసే నేర్చుకున్నాను.

నేను ఇంట్లో వండే భోజనాలను మా ఆయన బస్సులో మోసుకెళ్లి మన పనివాళ్లుండే గదులకు ఇచ్చేవాడు. అన్నం చల్లారిపోతోందని ఒక్కొక్కరే మానేస్తున్నారు. బండి లేకపోతే వంట నిలబడదు, వంట నిలబడకపోతే మా పాపతో సహా ముగ్గురం ఇంటిదారి పట్టాల్సిందే. అలాంటప్పుడు ఒక తెల్లబండి బేరానికి వచ్చింది. అలాంటివాటికి బయట పలికే ధరకంటే బాగా తక్కువ చెబుతున్నారు. మా ఆయన సంతోషం పట్టలేక ఖాదరన్నను పని మధ్యలోనే పిలుచుకొచ్చాడు. గ్యారేజీ పేరున్న చొక్కాతోనే వచ్చాడాయన.

అమ్మే మనిషి వల్లాహి అని ఒట్టేసి, దీనికి ఏ ప్రమాదమూ జరగలేదన్నాడు. ఖాదరన్న తట్టుకుంటూ వెళ్లి వెనక తలుపు దగ్గర ఆగాడు. తలుపు చుట్టూ ఉండే రబ్బరు కొంచెం లాగి, లోపల వేలు పెట్టి తడిమాడు. మళ్లీ తడిమాడు. లేచి నిలబడి చాలాసేపు చొక్కా అంచుకు చెయ్యి తుడుచుకున్నాడు.

"నాగమ్మా, బిడ్డను యాడ కూసోబెడ్తారు?"

"వెనకనే గదన్నా."

"వద్దు. వెనక సగం యేరే బండిది. రెండు బండ్లు కోసి ఒకటి జేసినారు. నాది ఎడమచెయ్యి వాటం, నా అతుకు నాకు తెలీదా? మా గ్యారేజీలో నేనే అతికిచ్చినా. అప్పుడు ఎర్రగా ఉన్నింది."

తక్కువకే ఇస్తున్నారు కదా, కొన్నాళ్లు తోలుకుందామని మా ఆయన గొణిగాడు.

"ఊరకే ఇచ్చినా దీని ధర ఎక్కువే రా. ఇంగోసారి దెబ్బ తగిలితే అతుకు కాడికే ఇరుగుతాది."

నోరు విప్పితే ఆయన ఉద్యోగానికే ముప్పని అప్పుడు నాకు తట్టింది. ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కాగితం ఆ గ్యారేజీ మీదే ఉంది. ఎందుకు చెప్పావన్నా అన్నాను, దారిలో.

"ఆయప్ప దేవుని పేరు పెట్టి ఒట్టేసినాడు. నేను గమ్మునుంటే నేనూ ఏసినట్లే గదా."

అమ్మే మనిషికి తెలుగు రాకపోయినా చొక్కా మీది గ్యారేజీ పేరు చదవడం వచ్చు. బేరం చెడగొట్టాడని వాళ్లకు చెప్పాడు. కొద్దిరోజులకే గ్యారేజీవాళ్లు ఖాదరన్నను తీసేశారు. ఎంతో తిరిగి వీసాకు పూచీ ఉండే కొత్త కఫీల్‌ను వెతుక్కున్నాడు గానీ పని నిలకడగా దొరకలేదు. శుక్రవారాలు మా ఇంటికి భోజనానికి వచ్చేవాడు. తర్వాత మేము కొన్న బండి గీతలు పడిన ముసలిది, తట్టి చూసి ఒప్పుకున్నది ఆయనే. దాని వల్లే మా వంట నిలబడింది. కృతజ్ఞత చెప్పబోతే కూర బాగుందని మాట మార్చేవాడు.

ఎప్పుడూ కిటికీకి ఎదురుగానే కూర్చునేవాడు. ముద్ద చేతిలో పెట్టుకుని రోడ్డు మీది తెల్లబండ్లను చూసేవాడు. మేము వద్దన్న ఆ బండి తర్వాతి వారానికే అమ్ముడుపోయింది. ఎవరు కొన్నారో ఖాదరన్న ఎంత అడిగినా అమ్మినవాడు చెప్పలేదట.

"కనపడితే ఏం జేస్తావన్నా?"

"నిలబెట్టి చెప్తా. తిడితే తిట్నీ. లోపల ఎవురి బిడ్డో ఉంటాది గదమ్మా."

అది కనపడలేదు. గదిలో గుండెనొప్పి వచ్చి పోయాడట. మట్టి ఇక్కడే చేశారు. రాయచోటిలో ఆయన భార్య ఫోనులో చూసిందని సులోచనక్క చెప్పింది.

నాకు ఎడమచేతి అతుకు గుర్తుపట్టడం రాదు. అయినా సిగ్నల్ దగ్గర తెల్లబండి ఆగితే వెనక సీటు వైపు చూడకుండా ఉండలేను. పిల్లలు ఉంటే, అది ఆయన అతికించిందే అయినా కాకపోయినా, క్షేమంగా ఇల్లు చేరాలని మనసులో మొక్కుకుంటాను. ఆయన చేసిన పనికి ఆయన పడిన బాధ నాకు చేరిందనుకుంటాను. భారమైనా దించుకోవాలని లేదు.

ఇది చదివిన మీరు ఏ దేవుణ్ణి కొలుస్తారో నాకు తెలియదు. ఈ పూట మీ ప్రార్థనలో రాయచోటి ఖాదరన్న పేరు కూడా ఒక్కసారి అనండి.