నొప్పి లేదన్న మాట

ఆ కుట్టు దుకాణంలో ఆవిడ అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. చొక్కాలకు కాజాలు కుడుతుంది కాబట్టి కాజాలత్త. మిషన్ మీద తీసిన కాజా కనిపిస్తే మొహం చిట్లిస్తుంది. తను కుట్టినదాన్ని కళ్ళు మూసుకుని బొటనవేలితో తడుముతుంది. ఒక్క పోగు లేచినా వేలికి తెలిసిపోతుంది. ముప్పై ఏళ్ళుగా ఇదే వరస.

రొమ్ములో గడ్డ తీసేశాక కీమో మొదలైంది. వెళ్ళినప్పుడల్లా డాక్టరు, "నొప్పులేమైనా ఉన్నాయామ్మా?" అని అడిగేవాడు.

"లేవండీ."

అబద్ధం కాదు. మాటల్లో కూడా ఆవిడది కాజాల పట్టింపే. నొప్పి వేరు, మంట వేరు, తిమ్మిరి వేరు. వేళ్ళకు తిమ్మిరి పట్టింది, అరికాళ్ళు నిప్పుల మీద పెట్టినట్టు మండుతున్నాయి. కానీ ఆయన అడిగింది నొప్పుల గురించి కదా! అడగనిదానికి జవాబివ్వడం ఆవిడ ఇంటావంటా లేదు.

ఒకరోజు తెల్ల చొక్కాకు కాజా కుడుతుంటే దుకాణం మాస్టారు చెయ్యి పట్టుకున్నాడు.

"అత్తా, రక్తం."

సూది వేల్లో దిగి ఉంది. ఆవిడకు తెలియనే లేదు. చొక్కా పాడైనందుకు కాదు, తెలియనందుకు భయపడింది. ఆ వేళ్ళు పోతే తనలో ఇంకేం మిగులుతుందో ఆవిడకు తోచలేదు.

ఈసారి ఆస్పత్రికి కూతురు కూడా వెంట వెళ్ళింది. డాక్టరు అదే ప్రశ్న వేశాడు, ఆవిడ అదే జవాబు చెప్పింది.

"అదేంటమ్మా, మొన్న సూది దిగినా తెలీలేదుగా," అంది కూతురు.

"అది నొప్పి కాదే. తిమ్మిరి. కాళ్ళల్లోనేమో మంట."

డాక్టరు కలం కింద పెట్టాడు. ఆరుసార్లు 'నొప్పి లేదు' అని రాసుకున్నాడు పాపం.

"తప్పు నాదేనమ్మా, సరిగా అడగలేదు. కీమో మందు నరాల్ని దెబ్బతీస్తోంది. దాని మోతాదు తగ్గిద్దాం. మంటకి మాత్ర ఇస్తాను, కొన్ని వారాలు వాడితే చాలామందికి తగ్గుతుంది. తిమ్మిరికి మాత్రం సరైన మందు లేదు. నెలలు పట్టొచ్చు, కొంత అలాగే ఉండిపోనూ వచ్చు."

"కాజాలు కుట్టగలనా?"

"మాటివ్వలేనమ్మా."

బయటికొచ్చాక ఆవిడ ఏడ్చింది. కూతురు ఊరుకోమనలేదు.

నెల దాటాక మంట సగానికి సగం తగ్గింది. నేలమీద అడుగు ఆనుతోంది. ఆవిడ దుకాణానికి వచ్చి, కళ్ళజోడు పెట్టుకుని, ప్రతి కుట్టునూ చూసుకుంటూ ఒక్క కాజా పూర్తిచేసింది. పదిహేను నిమిషాల పని గంట పట్టింది. అలవాటుగా బొటనవేలు ఆనించింది. ఏమీ తెలియలేదు. చొక్కా మాస్టారు ముందుకు జరిపి, ముప్పై ఏళ్ళలో ఎన్నడూ అడగని మాట అడిగింది.

"ఎలా ఉంది?"

ఆయన వెలుతురులో పెట్టి చూశాడు. జాలిపడి బాగుందని చెప్పి ఉంటే ఆవిడ ఆ పూటే సూది వదిలేసేది.

"మూడో కుట్టు ఎడంగా పడిందత్తా."

ఆవిడ చొక్కా వెనక్కి తీసుకుని, విప్పడం మొదలుపెట్టింది.