జడలో కుర్చీ కాళ్లు

మొన్న ఆదివారం నంద్యాలలో మా చర్చికి వెళ్తే, పాత విలాయతీ కుర్చీ చుట్టూ ఎర్ర రిబ్బను కట్టి, ‘పందొమ్మిదో శతాబ్దపు కుర్చీ, ముట్టుకోరాదు’ అని బోర్డు పెట్టారు. నాకు నవ్వాగలేదు. దాని ముందరి కాళ్ల పుట్టుపూర్వోత్తరాలు నన్నడగాలి కదా!

డెబ్బైల చివర్లో, నేను ఆళ్లగడ్డ బడిలో కొత్తగా టీచరుగా చేరిన ఏడాది, ఆ రెండు కాళ్లనూ చెదలు తినేశాయి. బాగుచేయించడానికి మద్రాసు పంపుదామని సంఘపెద్దలు అనేసరికి, వడ్రంగంలో తనను మించినవాడు లేడనుకునే మా నాయనకు రోషం పొడుచుకొచ్చి, క్రిస్మస్‌కల్లా నిలబెడతాను, లేకుంటే మళ్లీ ఉలి ముట్టనని అందరి ముందూ అనేశాడు. అనడమైతే అన్నాడు గానీ, ఆ చెక్కుడు ఎట్లా ఉండేదో ఆయనకూ గుర్తులేదు. అచ్చం అలాంటి కుర్చీని హైదరాబాదు మ్యూజియంలో చూశానని పాస్టరుగారు చెప్పడంతో, మా బడి పిల్లల విహారయాత్ర బస్సులో నాయననూ ఎక్కించాను.

అబ్బ, ఆ పడమటి దేశాల గది! బంగారుపూత అద్దాలు, పింగాణీ గడియారాలు, పట్టు సోఫాలు చూసి పిల్లలతోపాటు నేనూ నోరు తెరిచేశాను. నాయన మాత్రం కుర్చీ కనబడగానే తువ్వాలు పరిచి, అడ్డంగా కట్టిన తాడు కిందినుంచి దూరి, వెల్లకిలా పడుకున్నాడు! కుర్చీ మంచిచెడ్డలు కిందినుంచే తెలుస్తాయన్నది ఆయన పాఠం. కాపలాదారు కేకలేస్తూ పరుగెత్తుకొచ్చాడు.

“ఏందప్పా అరుస్తాండావ్? కాళ్లు చూస్తాండా, ఎత్తుకపోతానా?” అన్నాడు నాయన, లేవకుండానే.

నాకు సిగ్గుతో ప్రాణం పోయినంత పనైంది. నేను సంగతంతా చెబితే, అతను నవ్వాపుకుంటూ అటు తిరిగి నిలబడ్డాడు. నాయన కుర్చీ కాలి పొడవునా నూలుదారం పట్టి, చెక్కుడు ఉబ్బిన చోటల్లా ఒక ముడి వేసుకున్నాడు. ఆయనకు కొలతలంటే ముడులే.

ఇంటికొచ్చిన మర్నాడు చూస్తే నాయన జేబులో దారం లేదు. ఇల్లంతా వెతికి, చివరికి మా అమ్మ వెనక నిలబడి ఆయన పెట్టిన కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

“ఏందే ఇది! కుర్చీ కాళ్లు జడలో పెట్టుకోని తిరుగుతాండావే!”

“సొక్కా ఉతుకుదామని తీస్తే దొరికింది, ఉత్త దారమే గదా అనుకుంటి,” అంది అమ్మ, తలలోని కనకాంబరాల దండ తడుముకుంటూ.

ముగ్గురం కూర్చుని పూలు దూశాం. అమ్మ వేసిన ముడులన్నీ జారిపోయాయి గానీ, నాయన బిగించినవి ఒక్కటీ కదల్లేదు! చిన్నపిల్లలా ఎగిరి గంతేశాను. క్రిస్మస్ నాడు పాస్టరుగారు ఆ కుర్చీలో కూర్చుంటే, ప్రార్థనలో కూడా నాయన కళ్లు మూసుకోలేదు.

ఇప్పుడు నాయనా లేడు, అమ్మా లేదు. కుర్చీ విరిగితే కొత్తది కొంటున్నారు గానీ, కింద పడుకుని చూసేవాళ్లేరీ? ఆరాధన ముగిసి అందరూ బయటికి వెళ్లాక, డెబ్బై ఏళ్లదాన్ని, రిబ్బను ఎత్తి దర్జాగా ఆ కుర్చీలో కూర్చున్నాను. మా నాయన చెక్కిన కాళ్లు కిర్రుమనైనా అనకుండా నన్ను మోశాయి.